చేతి లెక్క

యంత్రం చెప్పిన ఫలితం విన్నప్పటి నుంచి వెర్లీన్‌కు కాలు నిలవలేదు. తేడా పదకొండు ఓట్లే.

మోంటానాలోని ఆ చిన్న కౌంటీలో ఓట్లను ఇకమీదట చేత్తోనే లెక్కించాలన్న తీర్మానాన్ని జనం ఓటుకు పెట్టించి, బ్యాలెట్ మీదికి ఎక్కించింది ఆమే. అందుకోసం మోకాటి లోతు మంచులో ఇంటింటికీ తిరిగింది. మైక్రోవేవ్ తిరుగుతుంటే పక్కగదిలోకి పోయి నిలబడే మనిషి, ఓట్ల యంత్రాన్ని నమ్ముతుందా?

"మళ్లీ లెక్కపెట్టించాలి. చేత్తో," అంది.

కూతురు క్రిస్టిన్ తల పట్టుకుంది. "అమ్మా, నీకు పుణ్యముంటుంది. ఇక్కడితో వదిలెయ్యవే."

"కీడెంచి మేలెంచమన్నారు. ఆ పెట్టె కడుపులో ఏముందో ఎవడు చూశాడు? అది సరే, రోడ్డంతా మంచు గడ్డకట్టింది, ఇంటికెళ్లేటప్పుడు కారు మెల్లిగా నడుపు."

ఆమెతో పాటు తలుపులు తట్టిన డార్లీన్ కూడా వద్దని బతిమాలింది. వినకపోతే మాట్లాడటం మానేసింది. ఇంత తక్కువ తేడా వస్తే మళ్లీ లెక్కించమని ఏ ఓటరైనా అడగవచ్చు. వెర్లీన్ అడిగింది.

కోర్టు భవనం నేలమాళిగలో బల్లలు వేశారు. ఒక్కో బల్లకు ఇరుపక్షాల నుంచి ఒక్కొక్కరు. ప్రతి ఐదు ఓట్లకూ నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. ఏ గీత ఎక్కడ జారిపోతుందోనని వెర్లీన్ బల్లబల్లకూ తిరిగి చూసింది. ఎవరైనా దగ్గినా అనుమానమే.

యంత్రాలే ఉండాలని ప్రచారం చేసిన ట్రాక్టర్ల కొట్టు గోర్డన్ ఆమెకు కుర్చీ వేశాడు. కాఫీ తెచ్చిచ్చాడు.

"నీలాంటి మనిషి ఊరికొకరు ఉండాలి, వెర్లీనమ్మా."

ఎగతాళి అనుకుందామె. కాఫీ వాసన చూసి, తాగకుండా పక్కన పెట్టింది.

సాయంత్రానికి లెక్క తేలింది. ఎన్నికలు నడిపే కౌంటీ గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. యంత్రం చెప్పింది ఒకటి, చేతి లెక్కకు తేలింది ఇంకొకటి అన్నాడు.

వెర్లీన్ కళ్లు చెమర్చాయి. "చెప్పానా? ఇన్నేళ్లూ నన్ను పిచ్చిదన్నారు."

గోర్డన్ అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. డార్లీన్ కోటు తగిలించుకుని, ఆమె వైపు చూడకుండానే మెట్లెక్కి వెళ్లిపోయింది.

యంత్రం పదకొండు ఓట్లతో గెలిపించిన వెర్లీన్ తీర్మానం, చేత్తో లెక్కపెడితే రెండు ఓట్లతో ఓడిపోయింది.