ఆలస్యంగా వచ్చిన చిరునామా

"మళ్ళీ బిగుసుకుపోయింది!" అంటూ ఆపరేటరు మౌసును బల్లకేసి కొట్టింది.

అంబులెన్స్ కాల్ సెంటరులో ఆమె ఎదుటి తెర తెల్లగా పాలిపోయింది. చెవిలో ఎవరో ఏడుస్తూ చిరునామా చెబుతున్నారు. రాయడానికి గడి లేదు, నొక్కడానికి బటన్ లేదు. పెన్ను అందుకుని అరచేతి మీదే రాసేసుకుంది. రెండో చేత్తో ప్రోగ్రామును మూసెయ్యబోయింది.

"మూసెయ్యకండక్కా!" వెనక నిలబడ్డ ప్రోగ్రామరు అరిచాడు. "అది చచ్చిపోలేదు. మ్యాపులో ఇల్లు వెతుకుతోంది."

"వెతికేది ఉలకదేం, పలకదేం?"

"లోపల పనివాడు ఒక్కడే అక్కా. ఇల్లు వెతికేదీ వాడే, మీరు నొక్కితే పలకాల్సిందీ వాడే. గోతిలో తల దూర్చి తవ్వుతున్నవాడికి మీ పిలుపేం వినపడుతుంది?"

"మరి ఇంకొకణ్ణి పెట్టి చావవేం? నెల నుంచీ మొత్తుకుంటున్నా. నీకిది ప్రోగ్రాము నాయనా, నాకు అవతల ఒక ప్రాణం."

ఆ ప్రోగ్రాము రాసింది అతనే. మూలనున్న ఖాళీ బల్ల దగ్గర కూర్చుని, భోజనం మాట కూడా మరిచిపోయి, ఇల్లు వెతికే పనిని విడదీశాడు. దాన్ని వెనకాల విడిగా నడిచే మరో థ్రెడ్‌కి, అంటే లోపలి రెండో పనివాడికి, అప్పగించాడు. మూడింటికల్లా కొత్త ప్రోగ్రామును ఆమె కంప్యూటర్లో ఎక్కించాడు.

ఇప్పుడు వెతుకులాట సాగుతున్నంతసేపూ తెర మూల చిన్న చక్రం తిరుగుతోంది. మిగతా తెరంతా చెప్పినట్టు వింటోంది. ఒక ఇల్లు దొరికేలోగా ఆమె ఇంకో కాల్ కూడా ఎత్తగలుగుతోంది.

"అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది," అంది ఆపరేటరు.

"ఇంతోటి దానికి నెల పట్టిందా?" అని సూపర్‌వైజరు అతని భుజం తట్టి వెళ్ళాడు.

నాలుగు దాటాక ఒక కాల్ వచ్చింది. ఆడగొంతు, లోగొంతుకతో. ఇంటి నంబరు, వీధి పేరు చెప్పింది. ఆపరేటరు కొట్టగానే తెర మూల చక్రం తిరగడం మొదలైంది. ఏ పేటో చెప్పేలోగా ఫోను చేతులు మారింది.

"ఏం లేదండీ," అన్నాడొక మగమనిషి, తాపీగా. "మా ఆవిడ మెట్ల మీద జారింది. లేచి కూర్చుంది కూడాను. ఊరికే కంగారుపడి చేసింది."

"ఒకసారి ఆవిడకి ఇవ్వండి."

ఫోను తెగిపోయింది. ఆపరేటరు రెండుసార్లు తిరిగి చేసింది. స్విచాఫ్.

"నాకేదో అనుమానంగా ఉంది సార్," అంది.

"వాళ్ళే వద్దన్నాక మనం ఏం చేస్తాం? రోజుకి ఇరవై వస్తాయిలాంటివి. రద్దు చేసెయ్యండి," అన్నాడు సూపర్‌వైజరు.

అప్పటికే ఇంకో కాల్ మోగుతోంది. ఆమె పాతది రద్దు చేసి కొత్తది ఎత్తింది.

"మా నాన్న గుండె పట్టుకుని పడిపోయారండీ! త్వరగా రండి!" అవతల కూతురు అరుస్తోంది.

ఆపరేటరు వివరాలన్నీ టైపు చేసింది. రోగి పేరు, వయసు, ఫోను నంబరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. వెతుకులాట ముగిసి చిరునామా గడి దానంతటదే నిండగానే 'పంపు' నొక్కింది.

"బయల్దేరిందమ్మా. నాలుగు నిమిషాల్లో మీ గుమ్మంలో ఉంటుంది. ఈలోగా ఆయన్ని కదిలించకండి."

ఎనిమిది నిమిషాలకి ఆ కూతురే మళ్ళీ చేసింది. "గేటు దగ్గరే నిలబడ్డానండీ! ఏదీ మీ బండి?"

ప్రోగ్రామరు మ్యాపులోకి వంగి చూశాడు. బండి ఊరికి అటు చివర, ఇంకో పేటలో ఉంది.

"అక్కా... రెండో బండి పంపండి. ఇప్పుడే, చేత్తో చిరునామా కొట్టి!"

రెండో బండి వెళ్ళింది. ఆ పెద్దాయన దగ్గరికి చేరేసరికి పదమూడు నిమిషాలు గడిచాయి.

"ఏమైంది?" సూపర్‌వైజరు పళ్ళు బిగించి అడిగాడు.

"తప్పు నాదే సార్. ఇందాకటి కాల్ రద్దయింది గానీ, దానికోసం వెనకాల మొదలైన వెతుకులాట కూడా ఆగేలా నేను రాయలేదు. పేట తెలియదు కాబట్టి అది ఊరంతా గాలించింది. చివరికి ఇల్లు దొరకబుచ్చుకుని, ఆ చిరునామా తెచ్చి ఈ కాల్‌లో పడేసింది."

"ఆ తొమ్మిది నిమిషాలు ఆయనకి ఎవరిస్తారయ్యా? నువ్విస్తావా?"

కాసేపటికి రెండో బండి నుంచి కబురొచ్చింది. "నాడి అందుతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. ఇంతకుమించి ఇప్పుడేం చెప్పలేం."

ఆపరేటరు కళ్ళు తుడుచుకుని మొదటి బండి డ్రైవరుకి వైర్లెస్‌లో చెప్పింది. "అన్నా, మీది తప్పు చిరునామా. అక్కడ మీకు పనేం లేదు, వెనక్కి వచ్చెయ్యండి."

చాలాసేపు బరబర శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత డ్రైవరు గొంతు ఎగశ్వాసతో పలికింది.

"వెనక్కెలా వస్తామమ్మా? బయట తాళం వేసుంది, లోపల మూలుగు వినపడితే తలుపు పగలగొట్టాం... ఆవిడ ఇంకా బతికే ఉంది!"