చక్రం మాట వినని వేలు

ఇప్పుడు ఇంటింటా ఊయలను కోడిగుడ్డు ఆకారపు చక్రమే ఊపుతోంది. చక్రం తిరిగితే, దానికి ఆనుకున్న రబ్బరు వేలు ఊయలను నెడుతుంది. జూట్ మిల్లులో ముప్పై ఏళ్లు మగ్గాలు నడిపిన వరహాలమ్మకు ఆ మెత్తటి వేలి మీద అనుమానం.

“చక్రం ఒక్కనాగే తిరగతంది. ఊపే మారతంది. నిన్న నాను మెట్లెక్కొచ్చి రొప్పుతా కూకుంటే గబగబ ఊగింది, సూడే!” అంది కూతురితో.

“మెత్తటిది కదమ్మా, వంగుతాది,” అంది హైమ.

“వంగనీ. ఎవులి మాటిని వంగతంది?”

హైమ నవ్వేసి పనికి వెళ్లిపోయింది. వరహాలమ్మ చక్రాన్ని ఊడబీకి ఒళ్లో పెట్టుకుంది. అయినా వేలు ఆగలేదు. మనవరాలి ఊయల ఊగుతూనే ఉంది.

ఆమె భయంతో ఊపిరి బిగబట్టింది.

ఊయల ఆగిపోయింది. పాప ఏడుపు లంకించుకుంది.

వరహాలమ్మ మెల్లగా ఊపిరి వదిలింది. ఊయల మెల్లగా కదిలింది.