గుప్పెడు గుండెకు గుప్పెడు నట్లు

"రా మావా. వచ్చి ఒక్క ముద్ద తిను. నీకు దండం పెడతాను."

ప్రశాంతికి పేరులో ఉన్నంత ప్రశాంతి ఒంట్లో ఎక్కడా లేదు. రేపల్లెలో వాళ్ళ డాబా మీద అరిటాకు వేసి అప్పటికి ముప్పావుగంటయింది. ఆకు నిండా రమేష్ బాబుకి ఇష్టమైనవే. కొవ్వు ముక్కలు ఏరి మరీ వండించిన వేట మాంసం, నెయ్యి కారే పలావు, నూనెలో ఈతకొట్టి వచ్చిన చందువా చేప వేపుడు. ఆ పక్కనే, ఆయనకి బొత్తిగా ఇష్టంలేని వాల్‌నట్లు గుప్పెడు.

ఆకు మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

కింద షామియానాలో అరవై మంది చుట్టాలు కడుపులు పట్టుకుని కూర్చున్నారు. ఆయన ముట్టనిదే మొదటి బంతి కూర్చోకూడదు. వంటమేస్త్రి రెండుసార్లు పైకొచ్చి, "పలావు చల్లారిపోతోందండీ" అని రెండుసార్లూ తిట్లు తిని వెళ్ళాడు. ఆ పూట ఎవరైనా ఏమైనా తిన్నారంటే అతనే.

ప్రశాంతి తమ్ముడు ప్రేమ్ కుమార్ గొంతు పెంచాడు. "బావా! మమ్మల్ని కాల్చుకు తింది చాలు, మటన్ తిను! నీ ఇంజన్ల షెడ్డు అమ్మేస్తామని బెంగా? అమ్మం బావా. నేను చూసుకుంటాగా."

కూతురు సుజన ముందుకొచ్చింది. "నాన్నా, బాపట్లలో నా చదువు మాననులే. ఒట్టు. రా నాన్నా."

ఊహూఁ.

రమేష్ బాబు నిజాంపట్నం హార్బర్లో బోటు ఇంజన్ల మెకానిక్కు. చేతిలో స్పానర్, నోట్లో జోకు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఏడాది కిందట మొదటిసారి గుండెలో కలుక్కుమంటే తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ తిండి గురించి చెప్పే మేడమ్ ఆయన మొహం చూసి, ఈ మనిషి మటన్ మానేరకం కాదని పోల్చుకుంది.

"చూడండి, కొవ్వు తిండి కడుపులో పడ్డ కాసేపటికే రక్తనాళాలు బిగుసుకుంటాయి. తగ్గించండి. తినక తప్పదనుకున్న రోజున గుప్పెడు వాల్‌నట్లు కూడా తినండి. నాళాలు కొంచెం మెత్తగా సాగుతాయి. తర్వాతెప్పుడో కాదండోయ్, ఆ భోజనంతో పాటే."

"నేను నట్లు బిగించేవాణ్ణి మేడమ్, నట్లు తినేవాణ్ణి కాదు. అయినా వాల్‌నట్టంటే గోడకి బిగించాలి గానీ నోటికెందుకండీ?"

ప్రశాంతి నట్టింట్లో నట్ల డబ్బా పెట్టింది. ఆయన ఒకటి తీసి ఎండలో పెట్టి చూశాడు. "ఇదేంటే, మనిషి బుర్రలా ఉంది! నువ్వు రోజూ నా బుర్ర తినేది చాలక, నన్ను కూడా బుర్రలు తినమంటావా?"

వీధి వీధంతా నవ్వింది. ప్రశాంతి కూడా నవ్వింది. నవ్వించే మొగుడితో చిక్కే అది. దెబ్బలాట మొదలవుతుంది గానీ ముగియదు.

తర్వాత బాపట్లలో పెళ్ళి. ఆయన మాంసం మూడుసార్లు వేయించుకున్నాడు. ప్రశాంతి పొట్లం విప్పి, "మావా, రెండే రెండు" అంది. "మా ఆవిడ నాకు పెళ్ళిలో కూడా నట్లు బిగిస్తోంది రోయ్!" అని ఆయన అరిచేసరికి బంతి మొత్తం గొల్లుమంది.

ఈసారి ఆమె నవ్వలేదు. నలుగురిలో మొహం మాడిపోయింది. పొట్లం సంచిలో కుక్కి జిప్పు లాగేసింది. "తింటే తిను, లేకపోతే పో!"

తిరుగు బస్సులోనే ఆయన ఛాతీ పట్టుకున్నాడు. మళ్ళీ తెనాలి. అక్కణ్ణుంచి ఇంటికి తెచ్చి పది రోజులయింది. ఈ పది రోజుల్లో ఆయన ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్క జోకు వెయ్యలేదు. ఆమె ఎన్నిసార్లు పిలిచిందో లెక్కలేదు.

ఆ రోజు రెండు నట్లు తిన్నంత మాత్రాన ఏం ఒరిగేదని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. కానీ జిప్పు లాగిన చెయ్యి ఆమెది. ఆ చప్పుడు చెవిలోంచి పోవడం లేదు.

ప్రేమ్ కుమార్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "అక్కా, ఆ నట్లు తీసెయ్యవే. వాటిని చూసే బావ రావట్లేదు."

"తియ్యను! ఆ రోజు పంతానికి పోయి తినిపించలేదు. ఇవాళైనా తినాలి. మాంసంతో పాటే తినాలి, మేడమ్ చెప్పలా?"

"ఎండ చూశావా? కింద ముసలాళ్ళున్నారు, పసిపిల్లలున్నారు."

"ఒక్కటి, మావా." ఆమె మోకాళ్ళ మీద కూలబడింది. "ఒక్కటంటే ఒక్కటి. ఇంకెప్పుడూ అడగను. అందరిలో నన్నేమన్నా పడతాను. బుర్ర తింటున్నానని తిట్టు. తిట్టు మావా, తిట్టి తిను!"

కింద ఎవరిదో పసిబిడ్డ ఆకలికి ఏడుపందుకుంది.

ప్రశాంతి ఆ ఏడుపు విన్నది. ఆకు మీదికి వంగి, నట్లు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది.

"సరే మావా, నువ్వే గెలిచావు. నీకు నచ్చిందే తిను."

ఆమె కొంగు మూట గుండెకి అదుముకుని నాలుగడుగులు వెనక్కి వేసిందో లేదో, ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీంచి ఒక కాకి రివ్వున దిగి, రమేష్ బాబు పెద్దకర్మ ఆకులోంచి మాంసం ముక్కని ముక్కున కరుచుకుంది.