ఒక్క పార మట్టి

సాయంత్రం ఆరుకు నగరపాలక కార్యాలయం మూసేస్తారు. ఆలోగా అమ్మకం కాగితం మీద సంతకంగా ఒక్‌బున్ ముద్ర పడకపోతే కొండ పోయినట్టే.

పోవడమంటే కొండ ఎక్కడికీ పోదు. పార్కు కోసమని నగర పటం మీద ఎప్పుడో గీసిన గీత జూన్ ఆఖరి రోజైన ఇవాళ్టితో చెరిగిపోతుంది. గీత ఉన్నన్నాళ్లూ సొంతదారైనా సరే చెట్టు కొట్టకూడదు, యంత్రం దించకూడదు. గీత చెరిగిన మర్నాడు అపార్ట్‌మెంట్ల కంపెనీ దిగుతుంది. అందుకే నగరమే ముక్కముక్కగా కొండను కొంటోంది. ఊరి మధ్య మిగిలిన అడవి అదొక్కటే మరి. అందరూ అమ్మారు. లోయ ఉన్న ముక్క మాత్రం ఒక్‌బున్‌ది. ఆవిడ ససేమిరా అంది.

అసలు చోద్యం అది కాదు. ఆ కొనే పని మీద ఊరంతా తిరుగుతున్న ఉద్యోగి ఆమె కొడుకే.

కిహో మంచివాడు. పరాయివాళ్లందరినీ కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు. ఇంట్లో తల్లి దగ్గర మాత్రం అతని పప్పులు ఉడకలేదు.

ఊరు ఊరుకుంటుందా? బియ్యం కేకులు అమ్మే మాల్‌సూన్ ఆ మధ్యాహ్నం మొహం మీదే అడిగేసింది.

“కాటికి కాళ్లు చాపుకుని ఎంత మూట కట్టుకుపోదామని వదినా? కంపెనీవాడు ఇంకా పెంచుతానన్నాడా?”

ఒక్‌బున్ చేతి పార సంచిలో వేసుకుని కొండదారి పట్టింది.

“పెళ్లినాడే అనుకున్నాం, కుంటి మొగుణ్ణి చూసి కాదు, కొండను చూసి చేసుకుందని!” మాల్‌సూన్ వెనకనించి అంటించింది.

అందులో అబద్ధం లేదు. వయసులో ఒక్‌బున్ అందగత్తె. పట్నంలో బడిపంతులు సంబంధం వస్తే కాదని, కొండ కింది కుంటివాణ్ణి కోరి చేసుకుంది. కాపురానికొచ్చిన వారానికే చేతి పారతో కొండెక్కింది. కూర వండుకునే దోరాజి వేర్లు తవ్వుకోవడానికంది. అప్పటినించీ ఎండా వానా చూడలేదు, అదే పని. మొగుడు బతికున్నన్నాళ్లూ పల్లెత్తు మాట అనలేదు. అడవి కాపలావాళ్లు తిట్టినప్పుడల్లా గుంత పూడ్చేది. వాళ్లు అటు వెళ్లగానే ఇంకోచోట తవ్వేది. అన్నేళ్లు తవ్విన మనిషి ఇంట్లో దోరాజి కూర తిన్నవాడు ఒక్కడూ లేడు. సంతలో అమ్మేసుకుంటోంది కాబోలు, ఉత్త పిసినారి, అనుకున్నారు జనం.

నాలుగు దాటింది. వాన పట్టుకుంది. కిహో గొడుగైనా లేకుండా కొండెక్కాడు.

తల్లి లోయలో మోకాళ్ల మీద కూచుని తవ్వుతోంది. బూట్లలోకి నీళ్లొచ్చినా చూసుకోవడం లేదు.

“ఇంకా ఈ వేర్లేంటమ్మా? టైమైపోతోంది, లే.”

“నేను రాను. ఇంకొక్క రోజు ఓపిక పట్టరా, నాయనా. రేపు వాళ్ల యంత్రాలు వచ్చేస్తాయి.”

“అదే కదా నా ఏడుపు! చెట్లతో పాటు నాన్న సమాధిని కూడా పెకలించేస్తారు.”

“పెకలించనీ. మీ నాన్న ఏమీ అనుకోడు. పొద్దునే ఆయనకు చెప్పి వచ్చా.”

కిహోకు ఒళ్లు మండిపోయింది.

“పండగ ముందు అందరూ తమ పెద్దల సమాధుల మీద గడ్డి కోసి బాగుచేసుకుంటుంటే, మీ నాన్న సమాధి వరదలో కొట్టుకుపోయిందని నువ్వు కూచుని ఏడ్చేదానివి. ఆ బాధ తెలిసినదానివేనా నువ్వు? డబ్బంటే అంత పిచ్చేంటమ్మా నీకు?”

ఒక్‌బున్ చెయ్యి ఆగింది.

“డబ్బా? నలభై ఏళ్లు నా చేతికూడు తిని, నీకు అర్థమైంది ఇదేనా?”

“మరి ఎందుకో నువ్వే చెప్పు!”

ఆమె మళ్లీ గుంతలోకి వంగింది. “నోరు మూసుకున్నా గనకే నీకు సర్కారు ఉద్యోగం వచ్చింది,” అని గొణిగింది. వాన హోరులో కొడుక్కి అది వినపడలేదు.

కిహో బురదలో మోకాళ్లూనాడు.

“నీకు దణ్ణం పెడతానమ్మా. సొంత తల్లిని ఒప్పించలేనివాడు అందరి నేలా లాక్కున్నాడని రేపు నా మొహాన ఉమ్ముతారు. నీ మనవలకి ఇంత నీడ మిగల్చవా?”

నుదురు నేలకానించి ఏడ్చేశాడు. తండ్రి పోయిన రోజున కూడా వాడు అలా ఏడవలేదు.

ఏ తల్లయినా ఎంతసేపని బిగబట్టుకుంటుంది? ఒక్‌బున్ లోపలి జేబులోంచి ముద్ర తీసింది. కొడుకు అరచేతిలో పెట్టి, వాడి వేళ్లు మూసింది. ఆ వేళ్లను వదలడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

కిహో మొహం వెలిగిపోయింది. గబగబా కళ్లు తుడుచుకున్నాడు.

“ఇంక నీకే దిగులూ వద్దమ్మా. పూచీ నాది. ఎన్ని తరాలైనా ఈ లోయలో ఎవరూ ఒక్క పార మట్టి కదిలించరు. నువ్వు కూడా!” అని నవ్వుతూ ఆమె చేతిలో పార లాక్కున్నాడు.

ఒక్‌బున్ ఒక చేత్తో బురద తోడుతూ, ఇంకో చేత్తో కొడుకు కాలు పట్టుకుని గావుకేక పెట్టింది.

“మీ తాత సమాధిని ఏ వరదా కొట్టుకుపోలేదురా, యుద్ధమొచ్చిన ఆ వేసవిలో మన సర్కారువాళ్లే చేతులు వెనక్కి కట్టి తోలుకొచ్చి, కాల్చి, ఈ లోయలోనే ఎక్కడో పూడ్చేశారు!”