పసుపు కప్ప, మట్టిరంగు కప్ప

మ్యూజియం ఆ చివర విద్యార్థులు పకపకా నవ్వారు.

క్యూరేటర్ తలెత్తి చూశాడు. పదకొండేళ్లుగా, స్పిరిట్ సీసాల్లో భద్రపరిచిన కప్పల బీరువా తాళంచెవి అతని దగ్గరే ఉంది. అతను పాఠం చెబుతుంటే ఆవులించారే గానీ ఏనాడూ ఎవరూ నవ్వలేదు.

బీరువా ముందు ఎవరో పెద్దాయన, చంకలో గొడుగు.

"నలభై ఏళ్లుగా ఆలుమగల్ని వేరు వేరు అరల్లో పెట్టారమ్మా. ఏ కోర్టూ ఇంతకాలం విడదీయదు," అంటున్నాడు.

క్యూరేటర్ కడుపు మండింది. అది అసూయేనని అతనికీ తెలుసు.

"ఎవరండీ ఆ ఆలుమగలు?"

"ఈ రెండు సీసాలూ బాబూ. చీటీల్లో పసుపు కప్ప ఒక జాతి, మట్టిరంగు కప్ప ఇంకో జాతి అని ఉంది. రెండూ ఒకటే. తొలి వానలకి మగది నాలుగు రోజులు పసుపు రంగుకు తిరుగుతుంది, అంతే. స్పిరిట్‌లో రంగు పోయినా బొటనవేలి మీద గరుకు బుడిపె పోదు. ఆడదానికి అది ఉండదు."

కళ్లద్దాల అమ్మాయి బీరువా అద్దానికి ముక్కు ఆనించి చూసింది.

"నిజమే. మీరెప్పుడూ చెప్పలేదేం సార్?"

ఆ మాట సూదిలా దిగింది.

ఆ చీటీలు ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. సంతకం ఉండదు. స్పిరిట్‌లో సిరా కరిగిపోతుందని పెన్సిల్‌తో రాసిన గుండ్రటి అక్షరాలు. క్యూరేటర్ కప్పల గురించి నేర్చుకున్నదంతా వాటి నుంచే. చూసి చూసి రాయగా అతని చేతిరాత కూడా అచ్చం అలాగే తయారైంది.

"చూడండి పెద్దాయనా, ఆ చీటీలు రాసినాయన కాలిగోటికి మీరు సరిపోరు."

పెద్దాయన వింతగా చూశాడు. "అంత గొప్పవాడంటావా?"

"ఆయన తప్పు రాయడు."

"రాశాడు బాబూ. కుర్రతనం, తొందర. నాలుగు రోజులు ఆగి రంగు మారుతుందేమో చూడాల్సింది."

"పక్కనుండి చూసినట్టు చెబుతున్నారే."

పెద్దాయన నవ్వాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఒక్కసారి ఆ మూతలు తీస్తావా?"

"తియ్యను. టైమయింది."

పెద్దాయన జేబులోంచి కాగితం తీసి ఏదో రాసి, మడిచి ఇచ్చాడు. క్యూరేటర్ విప్పకుండానే సొరుగులో పడేశాడు. అందరూ చూడాలనే అలా చేశాడు.

సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్‌తో, "ఆ గొడుగాయన్ని ఇక లోపలికి రానివ్వకు," అన్నాడు.

కానీ మనసు ఊరుకోలేదు. "గొడుగు తాతగారు మళ్లీ రారా సార్?" అని విద్యార్థులు అడిగినప్పుడల్లా మంట రాజుకునేది.

రెండు నెలల తర్వాత ఒక సెలవురోజు ఒంటరిగా వచ్చి మూతలు తీశాడు. ముసలాయనది తప్పని తేల్చేయాలనుకున్నాడు.

పసుపు కప్పల సీసాలో తొమ్మిది. తొమ్మిదింటికీ బొటనవేలి మీద గరుకు బుడిపె ఉంది.

మట్టిరంగు సీసాలో ఏడు. ఒక్కదానికీ లేదు.

ముందు ఉక్రోషం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఇంత తెలిసిన మనిషిని కూర్చోబెట్టి నాలుగు మాటలు అడిగుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

వాచ్‌మన్ దగ్గరికి వెళ్లాడు. "ఆ గొడుగాయన మళ్లీ వచ్చాడా?"

"వరసగా మూడు గురువారాలు వచ్చారండీ. మీరు చెప్పినట్టే పంపేశాను. తర్వాత ఆ గొడుగు పట్టుకుని వాళ్లమ్మాయి వచ్చింది. నాన్నగారు పోయారంది. సీసాల మీద చీటీలు మార్చారా అని అడిగింది. నాకేం తెలుసు, తెలీదని చెప్పేశాను."

క్యూరేటర్ లోపలికి వచ్చి సొరుగు లాగాడు. మడత విప్పాడు.

పెన్సిల్ రాత. గుండ్రటి అక్షరాలు. ఇది నేనెప్పుడు రాశానా అనుకున్నాడు ఒక్క క్షణం.

"ఆ రెండు చీటీలూ కుర్రతనంలో నేను రాసినవే బాబూ, వచ్చే గురువారం మూతలు తీసిపెడితే నా తప్పు నేనే దిద్దుకుని వెళ్తాను."