సొంత అన్నకీ ఐడీ కార్డే

అమ్మ గొలుసును కౌంటర్ మీద పడేసి అన్న మండిపడ్డాడు. "సొంత అన్నని కూడా ఐడీ కార్డు అడుగుతావట్రా?"

"రాయకుండా తాకట్టు పట్టుకుంటే నా లైసెన్సు పోతుంది," అన్నాడు కొట్టు నడిపే తమ్ముడు. "ఇది నీకెలా వచ్చిందో కూడా చెప్పాలి."

"అమ్మే ఇచ్చింది, రాసుకో! నువ్వూ ఒక తమ్ముడివేనా?"

తమ్ముడు రాశాడు, ఫోటో తీశాడు, సంతకం పెట్టించాడు. అన్న డబ్బు లాక్కుని, "మళ్లీ నీ గుమ్మం తొక్కితే ఒట్టు!" అంటూ వెళ్లిపోయాడు.

అతను సందు మలుపు తిరిగాక తమ్ముడు పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

"సార్, అమ్మ గొలుసు తీసిందని పొద్దున మీరు పట్టుకెళ్లిన మా పనమ్మాయిని వదిలేయండి. తీసింది తను కాదు."

"మరెవరు?" అవతలి గొంతు గద్దించింది.

తమ్ముడు అన్న సంతకం పెట్టిన పేజీని దగ్గరికి లాక్కున్నాడు.

"మా అన్నయ్య. సంతకం నా దగ్గరుంది."