పాత మూత

మూడో రౌండులో కారు మళ్ళీ ఆగిపోయింది.

వాహెద్ పరుగెత్తాడు. స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్న కూతురు రిదా దిగింది. ఇద్దరూ కారును టెంటు దాకా తోసుకొచ్చారు.

బెల్లంపల్లి అవతల, మూతపడిన గని పక్క మైదానంలో పాత కార్ల పోటీ అది.

"ఇంకొక్కసారి ఆగితే పేరు కొట్టేస్తం భాయ్," అన్నాడు నిర్వాహకుడు. "అరగంట టైమున్నది."

అరగంట! ఏడాదిగా కరీంనగర్ షెడ్డులో తండ్రీ కూతుళ్ళు ఈ బండి కిందే గడిపారు. కాలం చేసిన వాహెద్ తండ్రి, అబ్బాజాన్ బండి ఇది. పది రౌండ్లు ఆగకుండా తిరిగితేనే రిదాకు రేపటి ఫైనల్.

వాహెద్ కార్బరేటర్ విప్పాడు, ఊదాడు, బిగించాడు. వాచీ చూశాడు. ఫిల్టరు పొద్దున మార్చిందే. పెట్రోలు పంపు నిన్న కొత్తగా వేసిందే. అయినా రెండు రౌండ్లు బాగా ఉరికి, మూడోదాంట్లో పెట్రోలు అందక దగ్గి ఆగుతోంది. కాసేపు నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతోంది.

"కొత్త పంపు గూడ పాడేనా పప్పా?"

"నన్నడుగుతవేంది? పంపునడుగు!" కసిరాడు. వెంటనే నొచ్చుకున్నాడు.

అప్పుడు చూశాడు. కారు వెనక ఎవరో ముసలాయన, పెట్రోలు ట్యాంకును చేతికర్రతో మెల్లగా తట్టి వింటున్నాడు.

"ఏయ్ పెద్దాయనా! గాడేం పని?"

"ఊపిరాడ్తలేదు బిడ్డా."

"నీకా?"

"బండికి. జర మూత తాళం తియ్యి."

వాహెద్‌కు ఒళ్ళు మండింది. మొన్న దారిలో లక్సెట్టిపేటలో చాయ్ తాగి వచ్చేసరికి ఎవడో ట్యాంకులోంచి పెట్రోలు లాగేశాడు. అందుకే పాత మూత తీసి దాచి, తాళమున్న కొత్త మూత పెట్టాడు. ఈ ముసలాయన సంచిలోంచి సీసా మూతి కనిపిస్తోంది.

"తాళం తీస్తే సీసా నింపుకుందామనా?"

ముసలాయన నవ్వాడు. "పాత మూత ఏడ వెట్టినవ్ బిడ్డా? గప్పట్ల గూడ గీ బండి గిట్లనే..."

"గప్పటి కథలు నాకొద్దు. నరేశ్! గీయన్ని గేటు దాటియ్యి."

గేటు కాపలా నరేశ్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ముసలాయన వాహెద్ ముఖంలోకి ఒక్క క్షణం తేరిపార చూశాడు. సంచిలోని సీసా తీసి రిదా చేతికిచ్చాడు.

"తాగు బిడ్డా. ఎండల అలసినవ్."

నిండా చల్లటి నీళ్ళు.

రిదా తాగింది. తండ్రి వైపు చూడలేదు. తాళంచెవి తీసుకుని మూత తిప్పింది.

ట్యాంకు హుస్సుమని గాలి పీల్చుకుంది. ముక్కు మూసిన మనిషిని వదిలినట్టు.

"పప్పా! గాలి లోపలికి పోతెనే గదా పెట్రోలు బయటికొచ్చేది. గీ మూతకు రంధ్రమే లేదు."

వాహెద్ పానా పక్కన పడేశాడు.

సామాన్ల డబ్బా అడుగు నుంచి గుడ్డలో చుట్టిన పాత మూత తీశాడు. దాని నడుమ అబ్బాజాన్ అతికించి ఉంచిన ఇత్తడి బిళ్ళ. బిళ్ళ మీద 417. పైన చిన్న రంధ్రం.

ఆ బిళ్ళ కథ ఇంట్లో అందరికీ తెలుసు. వాహెద్ పుట్టిన రోజున, నొప్పులు పడుతున్న అమ్మీతో ఈ కారు బెల్లంపల్లి దారిలోనే ఆగింది. డ్యూటీకి పోతున్న గని కార్మికుడొకాయన ట్యాంకు మూతకు ఏదో మరమ్మతు చేసి, దాని మీద తన నంబరున్న హాజరు బిళ్ళను తీగతో కట్టి బండి కదిలించాడు. బిళ్ళ లేనిదే గనిలోకి రానివ్వరు. ఆ రోజు పని పోగొట్టుకుని కూడా, "ముందుగాల దవాఖానకు పోండ్రి" అన్నాడే తప్ప పేరు చెప్పలేదు. అబ్బాజాన్ బతికినన్నాళ్ళూ ఆయన కోసం గని గనికీ తిరిగాడు.

రంధ్రం బిళ్ళను వేలాడదీయడానికే అనుకున్నారు అందరూ. బండికి ఊపిరి అందేది దాని గుండానే.

పాత మూతతో కారు బయల్దేరింది. వాహెద్ ఒక్కచోట నిలవలేకపోయాడు. మూడో రౌండుకు కళ్ళు మూసుకున్నాడు. కారు ఆగలేదు. ఏడు. తొమ్మిది. పది!

రిదా దిగుతూనే అంది. "ముందుగాల గా తాతను తోల్కరా పప్పా."

అప్పుడు తట్టింది వాహెద్‌కు. పాత మూత ఒకటుందని ఆయనకెట్లా తెలుసు?

గేటు దాకా ఉరికాడు.

"గాయనా? అప్పుడే ఏదో బస్సెక్కి పోయిండు సార్," అన్నాడు నరేశ్. "పేపర్ల గీ బండి ఫొటో చూసి వచ్చిండట. నేను గుంజుకపోతుంటే గూడ నవ్వుకుంటనే 'మంచిగనే పెరిగిండు' అన్నడు. ఎవరి గురించో ఏమో!"

"పేరేంది? ఊరేంది?"

"లోపలికొచ్చేటప్పుడు పేరు రాయమంటే గిదేదో రాసిండు. అలవాటట."

వాహెద్ రిజిస్టరు లాక్కున్నాడు.

పేరు రాయాల్సిన గడిలో, వణికిన చేత్తో దిద్దిన మూడు అంకెలు: 417.